మట్టల అరుగు

మా కోమ్ సవాకీ ఊళ్ళో దర్దీరీ బాబాయ్ ఎవరని అడిగితే ముందు ఆయన చేతి చప్పుడు గుర్తు చేసుకుంటారు, తర్వాతే మొహం. ఖర్జూరపు మట్టను కాలి బొటనవేలితో నేలకు తొక్కిపట్టి, ఇనప గొట్టం మీద చెక్క సుత్తితో ఒక్కటిస్తే ‘టక్’మని బెజ్జం పడేది. పొద్దున్నే మొదలైతే మధ్యాహ్నం నమాజు దాకా ఆగేది కాదు. మేకు లేదు, జిగురు లేదు. ఒక మట్టకు బెజ్జం, దాంట్లోకి ఇంకో మట్ట, అంతే. పావురాల గూళ్ళు, టొమాటో పెట్టెలు, పసిపిల్లల మంచాలు, కాఫీ కొట్టు కుర్చీలు అన్నీ అలాగే పుట్టేవి. మా చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళలో, పడుకున్నవాళ్ళలో సగంమంది ఆయన మట్టల మీదే.

నా క్షవరం కొట్టు ఆయన ఇంటికి ఎదురుగా ఉంది. నన్ను బషందీ అంటారు. రోజంతా నిలబడి చేసే పని నాది, కళ్ళేమో వీధి మీద ఉంటాయి. వీధిలో జరిగింది నాకు తెలియకుండా పోదు, నాకు తెలిసింది నా నోట్లో ఆగదు. ఆ జబ్బు మా కులవృత్తితో పాటు వచ్చింది, మందు లేదు.

ఆయన భార్య నఫూసా పిన్ని ఉన్నన్నాళ్ళు ఆ గుమ్మం ముందు ఎప్పుడూ నలుగురు ఉండేవారు. పెట్టె కొనడానికి వచ్చినవాడికి టీ, దారి అడిగినవాడికి టీ, పోట్లాటకు వచ్చినవాడికి కూడా టీ. “ముందు తాగు నాయనా, గొంతు తడుపుకుని తిట్టు. ఎండు గొంతుతో తిడితే ఏం వినపడుద్ది?” అనేది. వాడు తాగేసరికి తిట్టడం మరిచిపోయేవాడు. ఆ ఇద్దరికీ పిల్లలు లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నట్టు, ఆవిడ నోటి మంచికి ఊరంతా ఆ ఇంటి చుట్టమే.

ఆవిడ పోయింది. అదే రోజుల్లో ప్లాస్టిక్ ట్రేలు వచ్చి పడ్డాయి. టొమాటోల వాళ్ళు వాటికి మళ్ళారు. ఇంటి ముందు మనుషులూ తగ్గారు, చేతిలో పనీ తగ్గింది. అయినా బాబాయ్ పొద్దున్నే కూర్చుని ఎవరూ అడగని కోళ్ళ గూళ్ళు అల్లేవాడు. ఆ చప్పుడు వింటుంటే నాకు మనసు పాడయ్యేది.

“ఒరేయ్ బషందీ, గడ్డం గీయి,” అంటూ రోజు విడిచి రోజు వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు.

“నిన్నగాక మొన్న గీశాను కదా బాబాయ్! ఇంకేం మిగిలిందని, తోలా?”

“అయితే తోలే గీయి. నీ సొమ్మేం పోయింది?”

గీసేదేం లేక నురగ రాసి తుడిచేవాణ్ణి. కబుర్లు చెప్పేవాడు. ఇంకో బేరం గుమ్మంలో కనపడగానే తనే లేచి, భుజం మీద తువ్వాలు నాకిచ్చేసి వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో కైరో నుంచి ఇంజనీరమ్మ లుబ్నా వచ్చింది. చదువుకున్న పిల్ల, మనిషిని మనిషిలా చూస్తుంది, ఆమెలో నాకు వంక దొరకలేదు. చిన్న ఊళ్ళలో వీధుల్లో జనం కూర్చోవడానికి సిమెంటూ ఇనుమూ కాకుండా ఆ ఊరి సరుకుతో, ఆ ఊరి చేతులతో ఏదైనా చేయించాలని ఆమె పూనిక. పిండిమర గోడ పక్కన, కాలువ వీధీ బజారు వీధీ కలిసే మలుపులో ఒక తుమ్మచెట్టు ఉంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అక్కడ చక్కని నీడ పడుతుంది. ఆ చోటు చూపించి అడిగింది.

“బాబాయ్ గారూ, నాకు ఒకే పొడుగు బల్ల వద్దండీ. ముక్కలుగా కావాలి. ఒక్కో ముక్క మీద ఒక్కరు కూర్చోవాలి. పక్కపక్కన పెడితే అరుగులా కలిసిపోవాలి, విడదీస్తే ఎవరైనా చంకలో పెట్టుకుపోవాలి. సంతరోజు ఒకలా, పండగరోజు ఇంకోలా అమర్చుకోవచ్చు. ఒక ముక్క విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు.”

దర్దీరీ బాబాయ్ తలపాగా సర్దుకున్నాడు. “కలిపేది చెప్పమ్మా, అది మా తాత నేర్పాడు. పచ్చి మట్టకు బెజ్జం కొట్టి అందులో ఎండు మట్ట దింపితే, పచ్చిది ఎండేకొద్దీ ఎండుదాన్ని గట్టిగా పట్టేసుద్ది. ఇల్లు కూలినా వదలదు. వదిలేలాగా చెయ్యడమంటే మా వాళ్ళలో దాన్ని చేతకాని పని అంటారు.”

“చేతనైనవాళ్ళు చేస్తే అదేమవుతుందో చూద్దాం,” అని ఆ పిల్ల నవ్వింది.

ఆ చలికాలమంతా ఆయన మనిషి మారిపోయాడు. రెండు మట్టలూ నీడలో పూర్తిగా ఎండబెట్టి చూశాడు, అతుకు వదులైంది. మట్ట మొదలు భాగం, బలంగా ఉండేది, దాన్ని నాలుకలా చెక్కి చివర కొద్దిగా సన్నం చేశాడు. దాన్ని పక్క ముక్క బెజ్జంలో పైనుంచి దింపితే కూర్చుంటుంది. పక్కకు లాగితే ఎద్దు కట్టినా రాదు, పైకి ఎత్తితే పసిపిల్ల కూడా తీసేస్తుంది. అది కుదిరిన రోజు వీధి దాటి వచ్చి నా చేతిలో కత్తి ఉండగానే నన్ను లాక్కుపోయాడు. సబ్బు నురగతో నా బేరం కుర్చీలో అలాగే ఉండిపోయాడు.

“కూర్చో. ఊగు. ఇంకా ఊగు! ఊళ్ళో నిన్ను మించిన బరువు లేదు, నిన్ను మోసిందంటే ఎవర్నైనా మోసుద్ది.”

చెట్టు చుట్టూ తిప్పడానికి వెనక ఇరుకుగా, ముందు వెడల్పుగా కొన్ని ముక్కలు చేశాడు. ముసలివాళ్ళకు వీపు ఆనేవి కొన్ని. పక్కన గ్లాసు పెట్టుకునే చిన్న పలకతో కొన్ని. ఆయన చేతులు ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఒకరోజు నేలమీద మట్టలు పరుచుకుని, తల ఎత్తకుండానే అన్నాడు:

“బషందీ, నాకీ వయసులో పేరెందుకు? జనం వచ్చి కూర్చునేది చేస్తే, నా పక్కనా ఎవడో ఒకడు కూర్చుంటాడు కదరా. ఊరికే. పనుండి కాదు.”

“కూర్చోక చస్తారా బాబాయ్,” అన్నాను.

అరుగు పెట్టిన రోజు సంబరంగా జరిగింది. ఇంజనీరమ్మ అందరికీ వినపడేలా, “ఇది ప్రభుత్వానిది కాదు, నాది కాదు, బాబాయ్ గారిదీ కాదు. ఊరందరిదీ!” అంది. చప్పట్లు కొట్టారు. చెరుకురసం తాగారు. ఆమె బాబాయ్‌కి చెయ్యెత్తి సలాం చేసి కారెక్కింది. ఆ సాయంత్రం బాబాయ్ ఉతికిన జుబ్బా వేసుకుని, అరుగు చివర ముక్క మీద కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. అరుగు బాగాలేక కాదు. అటు పోయే ప్రతివాడూ చేత్తో తడిమి, “చేతులు చల్లగుండ బాబాయ్!” అని మెచ్చుకునేవాడు. “రా, కూర్చో,” అనేవాడు ఆయన. “అల్లా నీకు మేలు చెయ్యాలి, పనుంది,” అని వాడు సాగిపోయేవాడు. మా దగ్గర పిలుపంటే అంతే. పడవవాడు నది మధ్యలో రొట్టె తింటూ ఒడ్డున పోయేవాణ్ణి “రండి, భోంచేద్దాం!” అని కేకేస్తాడు చూడండి, అలాంటిది. పిలిచినవాడికి మర్యాద దక్కుతుంది, వద్దన్నవాడికీ మర్యాద దక్కుతుంది, రొట్టె పడవలోనే ఉంటుంది. ఒకసారి పిలిస్తే కూర్చునేవాణ్ణి మా ఊళ్ళో ఆకలిగొన్నవాడంటారు.

పైగా ఇంకో సంగతి ఉంది. అది ఇంజనీరమ్మకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఒక మనిషి ముందే కూర్చున్న అరుగు ఆ మనిషిదే. ఊరందరిదీ అని వెయ్యిమంది చెప్పనీ, చేసినవాడు దాని మీద కూర్చుంటే అది వాడి గుమ్మమే. అక్కడ కూర్చుంటే అతిథివి. అతిథికి టీ రావాలి. ఆడదిక్కు లేని ఇంట్లో టీ ఎవరు పెడతారు? ముసలాయన లేచి వెళ్ళి పొయ్యి వెలిగించుకోవాలి, గ్లాసులు కడుక్కోవాలి. ఆయన్ని అంత ఇబ్బంది పెట్టడమెందుకని జనం కూర్చోలేదు. ప్రేమతోనే కూర్చోలేదు. నాకు ఒళ్ళు మండేది. ఇలాంటి ప్రేమ కన్నా నాలుగు తిట్లు నయం. నేను వెళ్ళి కూర్చున్నాను, కాదని కాదు. కానీ నేను రోజూ చూసే మొహాన్నే కదా. ఆయనకు కావలసింది నేను కాదు, వీధి.

ఆయన ఫ్లాస్కు కొన్నాడు. టీ ముందే పోసుకుని తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. జనానికి ఇంకా జాలేసింది. ఫ్లాస్కుతో కూర్చున్న మగాడంటే మా వాళ్ళకు ఆసుపత్రి బయట కూర్చున్నవాడే గుర్తొస్తాడు.

ఒక సాయంత్రం కిరాణా కొట్టు ఖలఫల్లా బియ్యం మూట భుజాన వేసుకుని పోతున్నాడు.

“రా ఖలఫల్లా, కూర్చో.”

“మేలు జరగాలి బాబాయ్, ఇంకోసారి.”

“ఇంకోసారి కాదు, ఇప్పుడే. టీ ఉంది.”

“నీ ఇంట సిరులు కలగాలి బాబాయ్, తాగే వచ్చా.”

బాబాయ్ లేచి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వు కూర్చోకపోతే నా పెళ్ళాన్ని విడిచేసినట్టే!”

కైరోకి దక్షిణాన మా సయీదు పల్లెల్లో మగాడికి అది ఆఖరి ఆయుధం. అతిథి లేవబోతే, తిననంటే, ఆ ఒట్టు వేస్తాడు. ఇక ఆ మాట దాటి పోయినవాడు ఒక సంసారం కూల్చిన పాపం మూటగట్టుకున్నట్టే. మంత్రిగారైనా చెప్పులు విప్పి కూర్చోవలసిందే. అలవాటు కొద్దీ బాబాయ్ నోట వచ్చేసింది. ఖలఫల్లా నోరు వెటకారానికి అంతకన్నా అలవాటైన నోరు.

“ఎవర్ని విడుస్తావు బాబాయ్? ఆవిడే నిన్ను ఎప్పుడో విడిచిపెట్టి పోయింది కదా!”

మలుపు దగ్గరి కాఫీ కొట్టులో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయారు. ఖలఫల్లా మొహం పిండిలా పాలిపోయింది. “నా నోరు పడిపోను! బాబాయ్, కూర్చుంటా, ఇదిగో కూర్చుంటున్నా,” అని మూట దించబోయాడు.

బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వాడి మూట మళ్ళీ భుజం మీదికి ఎత్తి పెట్టాడు. “వద్దులే. బరువు మీదున్నావు, పో.” తర్వాత ఫ్లాస్కు తీసుకుని ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం నాకు సయించలేదు. నా భార్య ఎందుకని అడిగితే ఊరికే కసిరాను, పాపం.

తర్వాత కొన్నాళ్ళు ఆయన అరుగు దగ్గరికి రాలేదు. ఆయన లేని అరుగు మీద జనం కూర్చున్నారా అంటే, కూర్చోలేదు, తీసుకెళ్ళారు. ముందు కసాయి హర్బీ ఇంట్లో సున్తీ వేడుకకు రెండు ముక్కలు అడిగాడు. బాబాయే సంతోషంగా వచ్చి, “పైకి ఎత్తాలి, పక్కకు లాగకూడదు,” అని చూపించి ఇచ్చాడు. వేడుక అయింది, చుట్టాలు పోయారు, ముక్కలు మాత్రం హర్బీ గుమ్మం ముందే ఉన్నాయి. వాడు వాటి మీద కూర్చుని కాళ్ళు చాపుకుని బజారు చూస్తుంటే, పక్కింటివాడికి కన్ను కుట్టింది. వాడూ అరుగు నుంచి ఓ ముక్క ఎత్తుకుపోయాడు. ఊరందరిదీ అన్నారుగా, ఎవడి వాటా వాడు పట్టుకుపోయాడు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? కానీ ఇక్కడ గొర్రె చావలేదు, బాగానే ఉంది, ప్రతి ఇంటి ముందూ ముక్కలు ముక్కలుగా ఉంది.

“రేపు తెచ్చిస్తా బాబాయ్, ఇన్‌షా అల్లా,” అనేవారు అడిగితే.

ఆయన నా ఫోను అడిగి ఇంజనీరమ్మతో మాట్లాడాడు. విషయం విని ఆమె నిజంగానే సంతోషించింది. “వాడుకుంటున్నారుగా బాబాయ్ గారూ! సిమెంటు బల్లని ఎవరైనా ఇంటికి మోసుకెళ్ళేవారా? మీరు గెలిచారు,” అంది. ఆమె అన్నది అబద్ధం కాదు. “అవునమ్మా,” అని ఆయన ఫోను నాకిచ్చేశాడు.

పొద్దువాటారి మగ్రిబ్‌కి మసీదుకు నడిచి వెళ్ళేవాడు కదా, దారి పొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఆయన చేసిన ముక్క, దాని మీద ఒక మనిషి. “రా బాబాయ్, కూర్చో!” అని ప్రతివాడూ కేకేసేవాడు. కూర్చోవాలన్నా ఎక్కడ కూర్చుంటాడు? ఒక్కో ముక్క మీద చోటు ఒక్కరికే. ఇంజనీరమ్మ చెప్పిన కొలతకు చీమంత తేడా లేకుండా చేశాడాయన. “అల్లా మేలు చెయ్యాలి,” అనుకుంటూ ఆగకుండా పోయేవాడు. నేను కొట్టు గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. నాకు ఏడుపొచ్చేది, నిజం చెబుతున్నా.

చివరికి మలుపులో ఒక్క ముక్కే మిగిలింది. దాని మీద ఆయన కూర్చునేవాడు. పిండిమర గోడ, తుమ్మచెట్టు, ఆయన.

అలా ఉండగా కాలువ అవతల నజా హమాయిదాలో అబుల్ వఫా అనే పంపుసెట్ల మేస్త్రీ పోయాడు. చుట్టుపక్కల పొలాలన్నీ ఆయన చేతి మీద పారినవే, పరామర్శకు జనం విరగబడ్డారు. అద్దెకు తెచ్చిన కుర్చీలు చాలలేదు. వాళ్ళ కుర్రాళ్ళు మా వీధికొచ్చి ఇంటింటి ముందూ ఉన్న ముక్కలు అడిగి ఎత్తుకున్నారు. చావుకు అడిగితే ఎవరూ కాదనరు. మలుపు దగ్గరికి వచ్చి, ఒకడు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“బాబాయ్, ఏమనుకోకు, కాస్త లేస్తావా? ఇదొక్కటే తక్కువైంది.”

ఆయన లేచాడు. ముక్క వాడి భుజానికి ఎత్తించాడు. ఒక్క క్షణం ఖాళీ నేలను చూసి, ఇంట్లోంచి చెక్క సుత్తి తెచ్చుకుని వాళ్ళ వెనకే నడిచాడు. అబుల్ వఫాకు నేను అప్పుడప్పుడు క్షవరం చేసినవాణ్ణి, నేనూ కొట్టు మూసి వెళ్ళాను. బాబాయ్ మాత్రం ఆయన్ని ఎన్నడూ చూసి ఎరగడు. పిలవని పేరంటానికి పోతున్నాడేమిటి అనుకున్నాను గానీ అనలేదు.

షామియానా కింద కుర్రాళ్ళు ముక్కల్ని ఎలా పడితే అలా పెట్టి కుస్తీ పడుతున్నారు. బాబాయ్ వాళ్ళను పక్కకు తప్పుకోమన్నాడు. వంపు ముక్కలు వంపు దగ్గర, వీపువి గోడవైపు, ఏ నాలుక ఏ బెజ్జంలోకో చూడకుండానే చేతికి తెలుసు. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోయాడు. కాసేపటికి మా మలుపులో ఎన్నాళ్ళుగానో చూడని అరుగు అక్కడ, ఎవరో తెలియనివాడి చావింట, ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడింది. ఆయన దాని మధ్యలో కూర్చున్నాడు. నేను ఆ పక్కన కొంచెం దూరంలో.

చావింట ఎవరూ ఎవర్నీ కూర్చోమనరు. వచ్చినవాడు ఇంటివాళ్ళ చెయ్యి కలిపి, ఖాళీ కనపడ్డ చోట కూర్చుంటాడు. మధ్యలో ఖాళీ వదలడం తప్పు. చక్కెర లేని కాఫీ వస్తుంది, అది ఇంటివాళ్ళ పని. షేఖు ఖురాన్ కొంతభాగం చదివి ఆపుతాడు, అప్పుడు ఆ వరస లేచి వెనక నిలబడ్డవాళ్ళకు చోటిస్తుంది. జనం లోపలికి వచ్చారు. బాబాయ్ కుడిపక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎడమపక్కన భారీ మనిషి ఒకడు, ఒంటికి చేపల వాసన, నది మీద బతికేవాడిలా ఉన్నాడు. ముక్కలు కలిసిపోయి ఉన్నాయి కాబట్టి వాడి భుజం బాబాయ్ భుజానికి ఆనింది. వాడు జరగలేదు.

షేఖు చదువుతున్నాడు. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. నఫూసా పిన్ని పోయినప్పుడు కూడా మూడు రోజులు మా వీధి ఇలాగే నిండింది, ఆయనకు అటూ ఇటూ ఒక్క క్షణం చోటు ఖాళీగా లేదు, నాలుగో రోజు పొద్దున అద్దె కుర్చీలు ఎత్తుకుపోయే బండి వచ్చింది. అది నాకు గుర్తొచ్చింది. ఆయనకు ఏం గుర్తొచ్చిందో గానీ, మూసిన కళ్ళ కింద నుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి పోతున్నాయి. నా చేత రోజు విడిచి రోజు ఊరికే గీయించుకున్న గడ్డం.

ఎడమపక్క మనిషి చూశాడు. పోయినాయనకు దగ్గరివాడనుకున్నాడు కాబోలు, బాబాయ్ చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకున్నాడు.

“ఆయన మిగిలిన ఆయుష్షు నువ్వు పోసుకోవాలి అన్నా. గుండె గట్టిచేసుకో.”

“నువ్వు చల్లగుండాలి తమ్ముడూ,” అన్నాడు బాబాయ్. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

షేఖు ఆపాడు. వరస లేవడం మొదలైంది. ముసలాయన లేచాడు, నేను లేచాను. చేపల మనిషి కూడా సగం లేచి, చెయ్యి ఇంకా బాబాయ్ దగ్గరే ఉండడం చూసి ఆగాడు.

“లేవాలి అన్నా. వెనకాల జనం నిలబడి ఉన్నారు. నా పడవ కూడా దాటిపోద్ది. పోయినాయన నీకేమవుతాడు, నీ తమ్ముడా?”

బాబాయ్ కళ్ళు తెరిచి వాడి మొహంలోకి చూశాడు.

“ఆయనెవరో నాకు తెలీదయ్యా. నువ్వెవరో కూడా తెలీదు. లేవకు. ఇంకాసేపు కూర్చో.”